మెదడు వ్రాసే గీత – కరెంటు వైద్యములో మూర్ఛను కనిపెట్టుట
(శతాబ్ది ఉత్సవముల సందర్భమున స్త్రీల మైత్రి ఆరోగ్య సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాట్లాడమని మాకు ఉత్తరము వచ్చినప్పుడు మేము నలుగురము ఒకచోట కూడి, ఏమి మాట్లాడవలెనని చాలాసేపు వాదించుకొన్నాము. మేము నర్సులము. ఒకే ఆసుపత్రిలో, ఒకే మానసిక వార్డులో ఒకరి తరువాత ఒకరము చేరి, ఇరవై ఏండ్లకు పైగా పని చేసి, ఒకరి తరువాత ఒకరము రిటైరైనవారము. ఈ కాగితము మీద ఉన్నది నలుగురి మాట. చదివే గొంతు మాత్రమే ఒకటి.

ఆసుపత్రుల చరిత్ర, డాక్టర్ల సేవ గురించి ఈ సంచికలో తెలిసినవారు వ్రాస్తారు. మేము ఒక చిన్న గది గురించి చెబుతాము. మా వార్డు చివర ఉండే ఆ గదిని రోగులు "కరెంటు గది" అనేవారు. వారానికి రెండు మూడు రోజులు ఉదయము ఏడు గంటలకు తలుపు తెరిచేవారము. ఆ తలుపు బయట బల్ల మీద కూర్చుని ఏడ్చిన తల్లులను, భర్తలను మేము లెక్క పెట్టలేదు. వారిలో మన సంఘస్థులు కూడ ఉన్నారు. వచ్చినవారు ముఖము కప్పుకొని వచ్చేవారు, ఎవరికీ చెప్పవద్దని మా చేత మాట తీసుకొనేవారు. ఆ మాట నేటికీ నిలుపుకొన్నాము, నేడు చెప్పబోయే సంగతిలో కూడ ఎవరి ఊరు పేరు రాదు.

బల్ల మీద కూర్చున్నవారు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "సిస్టరమ్మా, ఫిట్సు వస్తే ఆసుపత్రికి తెస్తాము గదా, మీరేమిటి లేని ఫిట్సు తెప్పిస్తారు?" అని. న్యాయమైన ప్రశ్న. ఫిట్సు అనగానే మన సంఘములో చాలామందికి సువార్తలోని ఆ బాలుడే జ్ఞాపకము వస్తాడు. అటువంటి దానిని చేతులారా తెప్పించుట వైద్యమెట్లగును? దీనికి సమాధానము చెప్పవలెనంటే కొంచెము వెనుకకు పోవలెను.

1934లో బుడాపెస్టు నగరములో లాడిస్లాస్ మెదునా అనే డాక్టరు ఉండేవారు. మూర్ఛరోగము, తీవ్రమైన మతిభ్రమ ఒకే మనిషిలో కలిసి ఉండవని ఆయన అభిప్రాయము. ఒకటి వస్తే రెండవది పోవునని తలచి, మొదట కర్పూరపు ఇంజక్షను, తరువాత కార్డియజోల్ అనే మందు ఇచ్చి రోగులకు ఫిట్సు తెప్పించినారు. ఆయన సిద్ధాంతము తప్పని తరువాత తేలినది. కాని రోగులలో కొందరు నిజముగానే బాగుపడినారు. వైద్యములో ఇట్లు జరుగుతూనే ఉంటుంది, తప్పు త్రోవన పోయి సరియైన ఊరు చేరుకొనుట. అయితే ఆ మందు ఎక్కించిన తరువాత ఫిట్సు వచ్చేలోపల రోగికి కలిగే భయము వర్ణించరానిదట. ఒకసారి చవిచూసినవారు రెండవసారి పారిపోయేవారట.

ఆ బాధ తప్పించుటకే రోము నగరములో ఊగో చెర్లెట్టి, లూచియో బీనీ అనే ఇద్దరు డాక్టర్లు విద్యుత్తును ఉపయోగించినారు. అక్కడి కబేళాలో పందులను కోసే ముందు కరెంటు పెట్టి స్పృహ తప్పించుట చెర్లెట్టి చూసినారు. కరెంటు వలన పందులు చావడము లేదు, ఫిట్సు మాత్రమే వస్తున్నదని గమనించినారు. 1938 ఏప్రిల్‌లో, రోము రైల్వే స్టేషనులో అర్థము లేని మాటలు మాట్లాడుతూ తిరుగుచుండగా పోలీసులు పట్టి తెచ్చిన ఒక మనిషికి మొదటిసారి ఈ వైద్యము చేసినారు. మొదటిసారి పెట్టిన కరెంటు చాలలేదు. ఫిట్సు రాలేదు సరిగదా, ఆ మనిషి పాట అందుకొన్నాడట. మోతాదు పెంచి మరల పెట్టవలసి వచ్చినది.

ఈ సంగతి మేము ఊరక చెప్పలేదు. ఈ వైద్యము పుట్టినప్పుడే దానితో కూడ ఒక ప్రశ్న పుట్టినది: ఫిట్సు వచ్చినదా, రాలేదా? వస్తే సరిగా వచ్చినదా? సరిగా ఆగినదా? మా నలుగురి ఉద్యోగ జీవితమంతయు ఈ ప్రశ్న చుట్టునే తిరిగినదని చెప్పవచ్చును.

ప్రారంభములో ఆ ప్రశ్నకు జవాబు తేలిక. మత్తు లేదు, కండరములను వదులు చేసే మందు లేదు. రోగి ఒళ్ళంతా బిగిసి, తరువాత కొట్టుకొనేది. చూసేవారెవరికైనా తెలిసేది. ఆ బిగువుకు వెన్నెముక చిట్లినవారు, తుంటి ఎముక విరిగినవారు, దవడ జారినవారు ఎందరో. మేము ఉద్యోగములో చేరిన క్రొత్తలో మత్తు డాక్టరు రాని రోజున కూడ ఈ వైద్యము చేసేవారు. భుజముల దగ్గర ఇద్దరము, తొడల దగ్గర ఇద్దరము గట్టిగా పట్టుకొనేవారము. మాలో చిన్నామె మొదటి రోజు ఇంటికి పోయి అన్నము తినలేదు. సినిమాలలో చూపించేది ఈ నాటి సంగతినే, ఇంకా దానికి మసాలా చేర్చి. ప్రజల మనస్సులో ఆ బొమ్మే నిలిచిపోయినది.

1950ల ప్రారంభములో సక్సినైల్ కోలిన్ అనే మందు వాడుకలోనికి వచ్చినది. ఆపరేషను థియేటరులో పని చేసినవారు దీనిని స్కోలిన్ అంటారు. ముందు నరములోనికి మత్తు ఇస్తారు, రోగి నిద్రపోతాడు. తరువాత స్కోలిన్ ఇస్తారు. ఒక నిమిషములో ఒంటిలోని కండరములన్నీ మెత్తబడి ఊపిరి కూడ తనంతట తాను తీసుకోలేడు, కాబట్టి మాస్కు, సంచి పెట్టి ఆక్సిజను మనమే ఇస్తూ ఉండవలెను. కొద్ది నిమిషములలో ఆ మందు ప్రభావము దిగిపోతుంది. ఈ మధ్య కాలములో కరెంటు పెడతారు. ఎముకలు విరగవు. రోగికి ఏమియు తెలియదు. ఎంతో మేలు.

కాని మేలుతో పాటు ఒక చిక్కు వచ్చినది. కండరములు మెత్తబడినవి గనుక ఒళ్ళు కదలదు. ఒళ్ళు కదలకపోతే ఫిట్సు వచ్చినదని ఎట్లు తెలియును? ఫిట్సు జరిగేది మెదడులో. చేతులు కాళ్ళు కొట్టుకొనుట దాని నీడ మాత్రమే. ఆ నీడను మనమే చెరిపివేసినాము.

దీనికి మొదట కనిపెట్టిన ఉపాయము చాలా సులువైనది. బి.పి. చూసే పట్టీని చీలమండకు పైన చుట్టి, స్కోలిన్ ఇవ్వక ముందే గట్టిగా గాలి ఎక్కించేవారము. అప్పుడు రక్తము ఆ పాదములోనికి పోదు, మందు కూడ పోదు. ఒళ్ళంతా మెత్తబడినా ఆ ఒక్క పాదము మాత్రము మెదడు మాట వింటుంది. ఫిట్సు వచ్చినప్పుడు ఆ పాదము టకటక కొట్టుకొంటుంది. మేము స్టాపువాచీ పట్టుకొని ఆ పాదము మీదనే కన్ను పెట్టి లెక్క పెట్టేవారము. ఇరవై సెకన్లకు తక్కువైతే చాలలేదనుకొనేవారు. ముప్పై, నలభై వస్తే డాక్టరుగారు సంతోషపడేవారు. ఎన్నో సంవత్సరములు మాకు ఆ పాదమే సాక్ష్యము. అయితే పాదము చెప్పేది సగము సత్యమే.

మెదడులో విద్యుత్తు ఉన్నదనే సంగతి ఇప్పుడు చిన్నపిల్లలకు కూడ తెలుసు. 1875లో లివర్‌పూల్‌లో రిచర్డ్ కేటన్ అనే వైద్యుడు జంతువుల మెదడు మీద దానిని కనుగొన్నారు. మనిషి విషయములో ఆ పని చేసినది జర్మనీలోని యేనా పట్టణములో హాన్స్ బెర్గర్. ఆయన కూడ మానసిక వైద్యుడే. యౌవనములో సైన్యములో ఉండగా ఆయన గుర్రము మీద నుండి పడి చావు తప్పించుకొన్నారట. అదే రోజున దూరమున ఉన్న ఆయన అక్కకు మనస్సు కీడు శంకించి, తండ్రి చేత తంతి ఇప్పించినదట. ఒక మనస్సులోని భయము ఇంకొక మనస్సుకు ఎట్లు చేరినదని జీవితమంతా వెదకిన మనిషి ఆయన. వెదకినది దొరకలేదు. 1924లో పుర్రెకు ఆపరేషను జరిగిన ఒక యువకుని తల మీద తీగలు పెట్టి, మెదడు అలలను గీతగా పట్టుకొన్నారు. ఐదేండ్లు అనుమానముతోనే గడిపి 1929లో ప్రచురించినారు. లోకము మొదట నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అనేవారు అదే చేసి చూపించిన తరువాత నమ్మినది. దానినే ఇ.ఇ.జి. అంటారు. ఆ విద్యుత్తు బహు స్వల్పము. చేతి గడియారములో వేసే బటను బ్యాటరీలోని వోల్టులో కొన్ని వేల వంతులలో ఒక వంతు కూడ ఉండదు.

కరెంటు గదిలో ఇ.ఇ.జి. పెట్టుటకు పెద్ద ఏర్పాటు అక్కరలేదు. నుదుటి మీద ఒకటి, చెవి వెనుక ఎముక మీద ఒకటి చిన్న బిళ్ళలు అంటిస్తారు. మంచి యంత్రములలో కుడి ప్రక్కకు ఒక జత, ఎడమ ప్రక్కకు ఒక జత ఉంటుంది. కరెంటు ఒక ప్రక్కనే పెట్టినప్పుడు ఫిట్సు రెండవ ప్రక్కకు కూడ వ్యాపించినదా అని దాని వలన తెలుస్తుంది. కాగితము సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున బయటకు వస్తుంది. అంటే నలభై సెకన్ల ఫిట్సు సరిగా ఒక మీటరు పొడవు కాగితము.

ఆ మీటరు కాగితము మీద ఏమి ఉంటుందో చెబుతాము. ముందు రోగి మత్తులో ఉన్నప్పటి నిదానపు అలలు. కరెంటు పెట్టిన కొద్ది సెకన్లు గీత అల్లిబిల్లిగా ఉండి, వెంటనే సన్నని, దగ్గర దగ్గర ముళ్ళు మొదలవుతవి, తుమ్మ కంప వలె. మందు లేకుండా ఉంటే ఒళ్ళు బిగిసే దశ అది. తరువాత ముళ్ళు పెద్దవై, ప్రతి ముల్లు వెనుక ఒక పెద్ద అల వస్తుంది. ముల్లు, అల, ముల్లు, అల. పాదము కొట్టుకొనేది ఈ లయకే. క్రమముగా అలలు దూరమగును, సెకనుకు మూడు, రెండు, ఒకటి. తరువాత హఠాత్తుగా గీత పడుకొంటుంది. తుఫాను వెలిసిన తరువాత చెరువు నీరు వలె చదునుగా ఉంటుంది. ఆ చదునును చూచుటయే ముఖ్యము. మెదడు తనంతట తాను ఫిట్సును ఆపుకొన్నదనుటకు అది గుర్తు. ఎంత హఠాత్తుగా, ఎంత చదునుగా ఆగితే అంత మంచిదని పరిశోధకులు చెబుతారు. ఇది అందరిలో ఒకే రీతిగా ఉండదనుకోండి. వృద్ధులలో ముళ్ళు చిన్నవిగా ఉంటవి, గీత మెల్లమెల్లగా చల్లారుతుంది, ఎక్కడ ఆగినదో చెప్పుట అనుభవజ్ఞులకు కూడ కష్టమే.

పాదము కదలిక ఆగిన తరువాత కూడ మెదడులో ఫిట్సు కొన్ని సెకన్లు, ఒక్కొక్కసారి పది పదిహేను సెకన్లు కొనసాగుతుంది. ఇది మామూలే. కొందరిలో మాత్రము నిమిషములు కొనసాగుతుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘము 2001లో ఇచ్చిన సూచనలలో 3 నిమిషములు దాటిన ఫిట్సును దీర్ఘమైనదిగా ఎంచి మందుతో ఆపవలెనని చెప్పినది. ఎక్కువసేపు సాగితే రోగి లేచిన తరువాత అయోమయము, మతిమరుపు ఎక్కువగును.

ఇక్కడ మేము ఒక సంగతి ఒప్పుకోవలెను. ఇది సభలో చెప్పవలెనా వద్దా అన్న దాని మీదనే మా నలుగురిలో వాదన అంతయు జరిగినది. చెప్పుటకే నిర్ణయించుకొన్నాము.

మా ఆసుపత్రికి ఇ.ఇ.జి. ఉన్న యంత్రము వచ్చిన మొదటి సంవత్సరము. దాని కాగితము ప్రత్యేకమైనది, ఖరీదు ఎక్కువ, పట్టణము నుండి తెప్పించవలెను. పాదము ఆగగానే కాగితము ఆపమని పైవారు చెప్పినారు. మాకు కూడ పాదము మీద నమ్మకమే గాని కొత్త యంత్రము మీద అంత నమ్మకము లేదు. ఆ రోజులలో ఒక అమ్మాయి వచ్చినది. కాన్పు అయి నెల దాటలేదు. తొలిచూలు బిడ్డ. అన్నము మానివేసినది, నీళ్ళు కూడ మానివేసినది. బిడ్డను తన దగ్గర పెట్టవద్దని, తన వలన బిడ్డకు కీడు వచ్చునని గోడ వైపు తిరిగి పడుకొనేది. ఇంట్లో వారు మొదట దయ్యమన్నారు. వారి అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి, "ప్రార్థన నేను చేస్తాను, మీరు మాత్రము రేపే ఆసుపత్రికి తీసుకొని పోండి" అని గట్టిగా చెప్పి, తానే వెంట వచ్చినారట. ఆ అయ్యగారిని మేము నేటికీ జ్ఞాపకము చేసుకొంటాము. ఆడపడుచు మాత్రము ఒప్పుకోలేదు. "మా తమ్ముని భార్యకు షాకులిచ్చి పిచ్చిదానిని చేస్తారా?" అని మా మీద కేకలు వేసినది. డాక్టరుగారు కూర్చోబెట్టి, నీళ్ళు త్రాగని మనిషికి మందులు పని చేసే వరకు వారములు ఆగుటకు వీలు లేదని నచ్చజెప్పినారు.

రెండవ సారి వైద్యములో పాదము నలభై రెండు సెకన్లకు ఆగినది. స్టాపువాచీ ఆపినాము. మాలో ఒకరము అలవాటు చొప్పున కాగితము మీట నొక్కి, నుదుటి బిళ్ళలు పీకివేసినాము. అందరము సంతోషపడినాము. కాని ఆ అమ్మాయి లేవలేదు. సాధారణముగా పది పదిహేను నిమిషములలో కన్ను తెరిచి పేరు చెబుతారు. గంట గడిచినా ఆమె తెలివిలోనికి రాలేదు. నాడి వేగము తగ్గలేదు, కనురెప్పలు సన్నగా అదురుచున్నవి. డాక్టరుగారు పరుగున వచ్చి చూసి మరల బిళ్ళలు పెట్టించినారు. గీత అప్పటికి చదునుగా లేదు, ముళ్ళు కూడ స్పష్టముగా లేవు. మందు ఇచ్చినారు. సాయంత్రమునకు కోలుకొన్నది గాని, రెండు రోజులు భర్తను కూడ గుర్తుపట్టలేదు. మేము బిళ్ళలు పీకిన తరువాత మెదడులో ఫిట్సు ఎంతసేపు సాగినదో ఎవరికీ తెలియదు. తెలిసే అవకాశము ఉండినది, మేమే ఆపినాము. ఎంత కాగితము మిగిలినదో తరువాత కొలిచినాము, రెండు మూడు మీటర్లు.

డాక్టరుగారు మమ్మును కేకలు వేయలేదు. మరునాడు గది గోడ మీద ఒక చీటీ అంటించినారు: గీత పడుకొనే వరకు, పడుకొన్న తరువాత ఇంకొక నిమిషము వరకు కాగితము ఆపరాదు. ఆగిన ఫిట్సు అరుదుగా మరల రాజుకొనును గనుక బిళ్ళలు వెంటనే తీయరాదు. ఆ చీటీ మేము రిటైరయ్యే వరకు అక్కడ ఉన్నది. ఆ తరువాత పాదము ఆగి కూడ గీత ఆగని సందర్భములు మా ఎదుట ఐదారు వచ్చినవి. కాగితము చూస్తూనే ఉన్నాము గనుక మత్తు మందో, డయాజిపామో వెంటనే ఇచ్చి ఆపినారు. ఆ రోగులకు ఏమి తప్పినదో వారికి తెలియదు.

ఇప్పుడు ఎక్కువ కాలము సాగే ఫిట్సు సంగతి విన్నారు. దీనికి వ్యతిరేకము కూడ ఉన్నది, అసలు రాని ఫిట్సు. కరెంటు పెట్టినా గీత మీద ముళ్ళు మొదలు కావు. దీనికి కారణములు అనేకము. నిద్రమాత్రలు, మూర్ఛకు వాడే మందులు ముందుగా తీసుకొని ఉండవచ్చును. వయస్సు ఎక్కువ కావచ్చును. మత్తు ఎక్కువ పడి ఉండవచ్చును. మన ప్రాంతములో ఇంకొక కారణము, నూనె! తలకు కొబ్బరినూనె దట్టముగా పట్టించుకొని వస్తారు. చర్మము మీద నూనె ఉంటే బిళ్ళ సరిగా అంటదు, కరెంటు సరిగా ప్రవహించదు, గీత కూడ సరిగా రాదు. యంత్రము ముందుగానే దీనిని పరీక్ష చేసి చెబుతుంది. స్పిరిటు దూదితో తుడిచి తుడిచి మా చేతులు పడిపోయేవి. గీతను చెడగొట్టేవి ఇంకా ఉన్నవి. గుండె కొట్టుకొనుట, కనురెప్ప అదురుట, మత్తు డాక్టరు దవడ పట్టుకొని కదిలించుట, ప్రక్కన ఫ్యాను తీగ, ఇవన్నీ ముళ్ళ వలె కనబడతవి. ఏది మెదడు వ్రాసినది, ఏది ఫ్యాను వ్రాసినది అని విడమరచుటకు మాకు రెండేండ్లు పట్టినది.

ఒక్కొక్కరికి ఫిట్సు తెప్పించుటకు కావలసిన కరెంటు ఎన్నో రెట్లు తేడాగా ఉంటుంది. ఒకరికి చాలినది ఇంకొకరికి చాలదు, ఇంకొకరికి అవసరమైనది వేరొకరికి అధికమై మతిమరుపు తెచ్చును. అందువలన మొదటి రోజున తక్కువతో ప్రారంభించి, గీత మీద ఫిట్సు కనబడే వరకు మెట్టు మెట్టుగా పెంచి, ఆ మనిషి కొలత తెలుసుకొంటారు. తరువాత ఆ కొలతను బట్టి మోతాదు. ఇ.ఇ.జి. లేకుండా ఈ పని చీకటిలో దారము ఎక్కించినట్టే.

కరెంటు వలన మేలా, ఫిట్సు వలన మేలా అని కూడ పెద్దలు పరిశోధించినారు. స్వీడనులో యాన్-ఒట్టో ఒట్టోసన్ అనే డాక్టరు 1960లో కొందరు రోగులకు లిడోకెయిన్ అనే మందు ఇచ్చి, కరెంటు పెట్టినా ఫిట్సు పొట్టిగా ఆగిపోయేటట్లు చేసి చూసినారు. వారికి గుణము తక్కువైనది. కాబట్టి మేలు చేసేది ఫిట్సే, కరెంటు దానిని వెలిగించే అగ్గిపుల్ల మాత్రమే అని తేలినది. చాలాకాలము అందరము, 25 సెకన్ల గీత వస్తే చాలునని నిశ్చింతగా ఉన్నాము. కాని న్యూయార్కులో హెరాల్డ్ సాకీమ్, ఆయనతో పని చేసినవారు 1993లో ప్రచురించిన పరిశోధన మా నిశ్చింతను పోగొట్టినది. తల కుడి ప్రక్కనే తక్కువ మోతాదు పెట్టినవారికి ఫిట్సు నిడివి సరిగానే వచ్చినది, కాని గుణము 17 శాతము మందికే కనబడినది. రెండు ప్రక్కల పెట్టినవారిలో 60 శాతమునకు పైగా బాగుపడినారు. కుడి ప్రక్కనే మోతాదు పెంచినప్పుడు 43 శాతము. అంటే ఫిట్సు వచ్చినంత మాత్రమున, సెకన్లు నిండినంత మాత్రమున పని జరిగినట్టు కాదు. అందువలననే తరువాతి డాక్టర్లు నిడివితో పాటు ముళ్ళ ఎత్తు, రెండు ప్రక్కల పోలిక, ఆఖరి చదును, నాడి పెరుగుదల, ఇవన్నీ కలిపి చూడసాగినారు. మన దేశములో బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు ఈ గీతల మీద చాలా పరిశోధన చేసినారు.

ఇంతయు చెప్పినాము గనుక గీతయే సర్వస్వమనుకోవద్దు. చక్కని గీత వచ్చినా గుణము కనబడని రోగులను చూసినాము. ఏమాత్రము బాగాలేని గీతతో లేచి కూర్చుని అన్నము అడిగిన ముసలివారిని కూడ చూసినాము. ఆఖరికి రోగి ముఖము చూడవలెను, కంచము చూడవలెను. గీత చెప్పేది ఆ ఉదయము ఆ గదిలో ఏమి జరిగినదని మాత్రమే.

ఆ అమ్మాయి సంగతి ముగిస్తాము. వైద్యము ఆపివేయవలెనా అని ఇంట్లో పెద్ద తర్జనభర్జన జరిగినది. డాక్టరుగారు జరిగినది దాచకుండా భర్తకు, అత్తగారికి చెప్పినారు. అది ఆ రోజులలో అలవాటు లేని పని. వారము ఆగి, మోతాదు, మత్తు మార్చి మరల ప్రారంభించినారు. నాలుగవసారి తరువాత గంజి త్రాగినది. ఆరవసారి తరువాత బిడ్డ ఏడుపు విని తల తిప్పినది. ఎనిమిదవసారి అయిన తరువాత బిడ్డను తానే ఎత్తుకొని ఇంటికి పోయినది. తరువాత ప్రతి సంవత్సరము క్రిస్మసుకు వార్డుకు కేకు పంపేవారు, తెచ్చేది ఆ ఆడపడుచే.

అయితే ఆ అమ్మాయికి తన కాన్పు, బిడ్డ మొదటి వారములు జ్ఞాపకము లేవు. అత్తగారు చెబితే వింటుంది, ఫోటో చూస్తుంది గాని తనకు తట్టదు. ఆ జబ్బు వలన కొంత పోయి ఉండవచ్చును, వైద్యము వలన కొంత, మేము ఆపిన ఆ కాగితము వలన కొంత. ఏది ఎంత అని విడదీసి చెప్పేవారు లేరు. ఒకసారి ఆమెయే మాతో అన్నది, "అక్కా, బిడ్డ దక్కినాడు, నేను దక్కినాను, ఆ రోజులు మాత్రము దక్కలేదు" అని. ఈ వైద్యము వలన ఏ నష్టము లేదని చెప్పేవారిని మీరు నమ్మవద్దు. వైద్యము జరిగే రోజులలో క్రొత్త సంగతులు మరచుట చాలామందికి కొన్ని వారములలో సర్దుకొంటుంది. వైద్యమునకు ముందరి నెలల జ్ఞాపకములలో కొన్ని కొందరికి తిరిగి రాకపోవచ్చును. ప్రాణాపాయము మాత్రము చాలా అరుదు, లక్ష సార్లు చేస్తే సుమారు రెండు. పెద్ద ఆపరేషనులతో పోల్చితే ఇది తక్కువే. తీవ్రమైన క్రుంగుదలలో ఈ వైద్యము ఉత్తుత్తి వైద్యము కంటె నిజముగా ఎక్కువ పని చేయునని 2003లో బ్రిటనులో పాత పరిశోధనలన్నిటిని కలిపి చూసినవారు తేల్చినారు.

మన దేశములో 2017లో చేసి 2018 మే 29 నుండి అమలు చేసిన మానసిక ఆరోగ్య చట్టము ప్రకారము మత్తు, కండరములను వదులు చేసే మందు లేకుండా ఈ వైద్యము చేయరాదు. పదునెనిమిది ఏండ్లు నిండని పిల్లలకు సంరక్షకుల సమ్మతి, మానసిక ఆరోగ్య బోర్డు ముందస్తు అనుమతి రెండును ఉండవలెను. నలుగురము కలిసి రోగిని అదిమి పట్టుకొన్న ఆ పాత పద్ధతి ఇప్పుడు నేరము. మా చేతులతో చేసిన పని నేరమని చట్టము చెప్పినప్పుడు మాకు సిగ్గు కలిగినది, సంతోషము కూడ కలిగినది.

ఇక మీ ఇంట్లో ఎవరికైనా ఈ వైద్యము చెప్పినట్లయితే సంతకము పెట్టక ముందు అడగండి. భయపడవద్దు, మంచి డాక్టరు విసుగుకొనరు. మత్తు డాక్టరు ఉంటారా? ఇ.ఇ.జి. చూస్తారా, పాదము మాత్రమే చూస్తారా? ఎన్నిసార్లు చేయవలసి ఉండును? సాధారణముగా ఆరు నుండి పన్నెండు వరకు అంటారు. మధ్యలో రోగి జ్ఞాపకశక్తిని పరీక్ష చేస్తారా? ఇంట్లో వాడే మందులన్నీ, నాటు మందులతో సహా, డాక్టరుకు చూపించండి. గుండె జబ్బు ఉన్నదేమో, ఇటీవల పక్షవాతము వచ్చినదేమో, కట్టుడు పళ్ళు ఉన్నవేమో దాచకుండా చెప్పండి.

రాత్రి భోజనము తరువాత ఏమియు తిననీయవద్దు. ఉదయము కాఫీ కూడ వద్దు, "ఒక్క గుక్కే గదా" అని తల్లులు దొంగతనముగా పోస్తారు, అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము మీదికి వచ్చును. గాజులు, పిన్నీసులు, గోళ్ళ రంగు తీసివేయండి. ముందు రోజు తలంటి, బాగా ఆరబెట్టండి. నూనె మాత్రము రాయవద్దు.